రీడింగ్ చూసి కూపే కొనకండి

పాత కారు బేరంలో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "రీడింగ్ ఎంత?" హైదరాబాద్‌లో డీలరు దగ్గర నిలబడినవాళ్లూ, డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉద్యోగం కుదుటపడ్డాక స్పోర్ట్స్ కారు ముచ్చట తీర్చుకోవాలనుకునే మనవాళ్లూ అక్కడే మొదలుపెడతారు. తక్కువ తిరిగిందంటే మంచి బండి, ఎక్కువ తిరిగిందంటే అయిపోయిన బండి. రోజూ ఆఫీసుకు వెళ్లొచ్చే కరోలా విషయంలో ఈ లెక్క చాలావరకు పనిచేస్తుంది. స్పోర్ట్స్ కూపే విషయంలో మాత్రం తప్పు. కొనేవాడి నెత్తిన ఏకంగా ఇంజిన్ ఖర్చు పెట్టే తప్పు.

మాజ్దా ఆర్‌ఎక్స్-8 సంగతే తీసుకోండి. 2003లో వచ్చిన ఈ కూపేలో పిస్టన్లు ఉండవు. కోలగా ఉన్న గదిలో మూడు మూలల రోటరు తిరుగుతుంది, అలాంటివి రెండు. ఇంజిన్ 1.3 లీటర్లే అయినా మాన్యువల్ బండిలో నిమిషానికి 9,000 చుట్ల దాకా పోతుంది. రోటరు ప్రతి మూలనా గది గోడను ఒరుసుకుంటూ సన్నని లోహపు పట్టీ ఒకటి ఉంటుంది. దాన్ని అపెక్స్ సీల్ అంటారు. ఇంజిన్ ప్రాణమంతా ఆ సీళ్ల బిగువులోనే ఉంది. వాటిని తడిపి ఉంచడానికి కొద్దికొద్దిగా ఆయిల్‌ లోపలికి చిమ్మేలా ఇంజిన్‌ను తయారుచేశారు. కాబట్టి ఆర్‌ఎక్స్-8 ఆయిల్ తాగడం జబ్బు కాదు, పుట్టుకతో వచ్చిన గుణం. దానికి అస్సలు పడనిది వేరే ఉంది: చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, గ్యారేజీ నుంచి వాకిట్లోకి తీసి, వేడెక్కకముందే ఆపేయడం. లోపల పెట్రోలు నిండిపోయి మళ్లీ స్టార్ట్ కాదు. ఎప్పుడూ మెల్లగా, కొద్ది దూరాలే నడిపితే మసి పేరుకుని సీళ్లు గాడుల్లో బిగుసుకుపోతాయి. ఇప్పుడు చెప్పండి, పదిహేనేళ్లలో 30,000 మైళ్లు మాత్రమే తిరిగిన ఆర్‌ఎక్స్-8 ఎలా బతికి ఉంటుంది? ఎప్పుడో ఒకసారి బయటికి తీసి, తుడిచి, మళ్లీ లోపల పెట్టిన బండి అయి ఉంటుంది. ఆ ఇంజిన్‌కి పడనివన్నీ దానికి జరిగి ఉండటానికే అవకాశం ఎక్కువ.

ఇంకో సంగతి కూడా ఉంది. అమెరికాలో ఈ ఇంజిన్లు పాడవుతుంటే మాజ్దా ఇంజిన్ వారంటీని 8 ఏళ్లకు లేదా లక్ష మైళ్లకు పొడిగించింది. 70,000 దగ్గర ఇంజిన్ మార్పించుకున్న బండి 90,000 రీడింగ్‌తో అమ్మకానికి వచ్చిందనుకోండి, దానిలో ఉన్న ఇంజిన్ తిరిగింది 20,000 మైళ్లే. అయినా బజారు దాన్ని ముసలిబండి కింద కట్టి, 30,000 బండికే పెద్ద ధర పెడుతుంది. అసలు సంగతి తేలాలంటే ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు రోటరీల కోసం చేసిన పరికరంతో కంప్రెషన్ చూడాలి. మామూలు గేజి రోటరు మూడు ముఖాల్లో ఎక్కువ వచ్చిన అంకెనే పట్టుకుంటుంది, మిగతా రెండూ దాగిపోతాయి. రెండు రోటర్లకూ కలిపి ఆరు అంకెలు చేతికి రావాలి. నిమిషానికి 250 చుట్ల వద్ద వాటిలో ఏ ఒక్కటి 680 కిలోపాస్కల్ కంటే దిగినా ఆ ఇంజిన్ విప్పాల్సిందే. రీడింగ్ అడిగే నోటితో ఈ ఆరు అంకెలు అడిగేవాళ్లు ఎంత తక్కువో!

పోర్షె 911లో 996 తరం అంటే జనానికి భయం. ఆ భయంతోనే మళ్లీ తక్కువ తిరిగినదాని కోసం వెతుకుతారు. ఇందులో క్యామ్‌షాఫ్టులకు కదలికను అందించే ఇంటర్మీడియట్ షాఫ్టు చివర సీలు చేసిన బాల్ బేరింగు ఉంటుంది. అది విరిగితే టైమింగ్ తప్పి వాల్వులు పిస్టన్లకు కొట్టుకుంటాయి. ఇంజిన్ మొత్తం పోతుంది. 2001 నుంచి 2005 దాకా వచ్చిన 911, బాక్‌స్టర్ బండ్ల మీద అమెరికాలో యజమానులు ఉమ్మడిగా కోర్టుకెక్కితే 2013లో రాజీ కుదిరింది. ఏళ్లు గడిచేకొద్దీ బేరింగు లోపలి గ్రీజు పలచబడి పోతుంది, ఆ చోటికి ఇంజిన్ ఆయిల్ చేరుతుంది. తాజా ఆయిల్ అయితే బేరింగుకు అదే ఆసరా. మూడేళ్లుగా మార్చని ఆయిల్ అయితే అందులో చేరిన తేమ, ఆమ్లాలు ఆ బేరింగునే తింటాయి. మంచు పడే రాష్ట్రాల్లో చలికాలమంతా కవరు కింద పడి ఉన్న కారు ఇలాంటి ఆయిల్‌లోనే నానుతుంది. బాగా వేడెక్కేలా నడిచే ఇంజిన్‌లో తేమ ఆవిరైపోతుంది. క్లచ్ మార్చేటప్పుడు ఎలాగూ గేర్‌బాక్స్ దించుతారు కాబట్టి, ఆ పనిలోనే బేరింగు కూడా మార్చి బిల్లు దాచుకున్న యజమాని దొరికితే, రీడింగ్ లక్ష దాటినా ఆ 996నే కొంటాను. టర్బో, జీటీ3లది వేరే ఇంజిన్, వాటికి ఈ గొడవ లేదు.

రబ్బరుకూ ప్లాస్టిక్‌కూ మైళ్ల లెక్కే లేదు, వాటిది ఏళ్ల లెక్క. బుష్‌లు, కూలెంట్ ట్యాంకు నిలబడి ఉన్న కారులోనూ పెళుసెక్కుతాయి. బ్రేక్ ఆయిల్ తేమ పీలుస్తుంది, రెండేళ్లకోసారి మార్చాలి. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది. 2316 అంటే 2016లో 23వ వారం. గాడులు కొత్తగా కనిపించే పదేళ్ల టైరుతో హైవే మీద వేగం పెంచడం ప్రాణాలతో చెలగాటం.

వాడకం వల్ల నష్టమే లేదా అంటే, ఉంది. 2000 నుంచి 2006 దాకా వచ్చిన బీఎండబ్ల్యూ ఎం3లో వెనక సబ్‌ఫ్రేమ్ బిగించిన చోట నేల రేకు చిట్లుతుంది. 8,000 చుట్ల దాకా తిరిగే ఆ ఇంజిన్‌లో కనెక్టింగ్ రాడ్ బేరింగులు అరుగుతాయి. తొలి ఏళ్లలో చేసిన బండ్లను కంపెనీయే వెనక్కి పిలిచి అవి మార్చింది. కాని ఈ దెబ్బలకు జాడ ఉంటుంది. లిఫ్టు మీద ఎత్తితే చిట్లిన రేకు దొరుకుతుంది, ఆయిల్ పరీక్షలో బేరింగు లోహం తేలుతుంది, మరమ్మతుకు ఎంతవుతుందో మెకానిక్ అక్కడికక్కడే చెబుతాడు. పైగా తక్కువ తిరిగిందన్న ధీమాతో లిఫ్టు ఎక్కించకుండానే కొనేవాళ్లే ఎక్కువ.

ఈ రీడింగ్ పిచ్చి మోసానికి కూలి కూడా ఇస్తోంది. అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ అంచనా ప్రకారం ఏటా 4,50,000కు పైగా వాహనాలు తప్పుడు రీడింగ్‌తో అమ్ముడవుతున్నాయి. మనం అంకెకు డబ్బు పోస్తున్నంతకాలం అంకెలు తిప్పేవాళ్లు ఉంటూనే ఉంటారు. అన్యాయం జరుగుతున్నది మాత్రం ఏటా ఆయిల్ మార్చి, ప్రతి బిల్లూ ఫైలులో పెట్టి, కారును కారులా నడిపిన యజమానికి. అతని శ్రద్ధకు బజారులో ధర తగ్గుతోంది.

ఆ ధర పెంచాల్సింది మనమే. రీడింగ్ కంటే ముందు ఆయిల్ బిల్లుల మీద తేదీలు అడగండి, రెండు మార్పుల మధ్య ఎన్ని నెలలో లెక్కపెట్టండి. ఫిల్టరు కోయించి లోపల లోహపు రజను మెరుస్తుందేమో చూడండి. పొద్దున్నే వెళ్లి చల్లని ఇంజిన్‌ను మీ ముందే స్టార్ట్ చేయించండి. అరగంట నడిపి, ఆపి, వేడి మీద మళ్లీ స్టార్ట్ చేయించండి. మీరు వెళ్లేసరికే బానెట్ వేడిగా ఉంటే బేరం మొదలుపెట్టకుండా మరో రోజు వస్తానని చెప్పండి.