తోపూరు తర్వాత మదురై

1614లో వెంకటపతిదేవరాయలు కన్నుమూయగానే విజయనగరం ఇంటిపోరులో పడింది. గద్దెనెక్కిన శ్రీరంగరాయలను భార్యాబిడ్డలతో సహా గొబ్బూరి జగ్గరాయడు చంపించాడు. చావు తప్పించుకున్న ఒక్క కొడుకు రామదేవుణ్ణి యాచమనాయకుడు కోట దాటించాడు. రెండుమూడేళ్ళు సాగిన ఆ పోరు కావేరి ఒడ్డున తోపూరు దగ్గర తేలింది. తంజావూరు రఘునాథనాయకుడు పిల్లవాడి పక్షం, మదురై, సెంజి నాయకులు జగ్గరాయడి పక్షం. జగ్గరాయడు యుద్ధంలో పోయాడు, రామదేవుడు రాజయ్యాడు. రెండు పక్షాల నాయకులూ ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళే.

ఓడిన మదురైని 1623 నుంచి 1659 దాకా తిరుమలనాయకుడు ఏలాడు. రాయలవారి పేరు చెప్పుకుని నెట్టుకొచ్చే రోజులు అప్పటికే పోయాయి. తెలుగు దొరకూ తమిళ రైతుకూ, కళ్ళర్ కులపు కాపలాదారుకూ, శైవుడికీ వైష్ణవుడికీ ఇది మన రాజ్యం అనిపించాలి. అందుకు ఆయన పట్టిన దారి మంచిదేనా అన్నది నాకు పాత ముచ్చట కాదు. మదురైకి ఇరవై కిలోమీటర్ల దూరాన ఉన్న తిరుమంగళం చుట్టుపక్కల రెడ్లు, కమ్మవారు, నాయుళ్ళు ఉన్న పల్లెలు ఆ దారి వెంటే ఇంత దూరం వచ్చాయి.

ఆయన తిరుచిరాపల్లిలో ఉన్న రాజధానిని మళ్ళీ మదురైకి తెచ్చాడు. రాజ్యం మీనాక్షమ్మదనీ, అమ్మ చేతి రాజదండం అందుకుని తాను ఏలుతున్నాననీ జనం ఎదుట చాటాడు. మాసి నెలలో జరిగే అమ్మవారి కల్యాణాన్ని చిత్తిరైకి జరిపి, తేనూరు దగ్గర జరిగే అళగర్ ఉత్సవాన్ని మదురైకి రప్పించి, రెండింటినీ ఒక వరసలో పెట్టాడు. రథం చిత్తిరైలో తిరుగుతున్నా ఆ వీధులు ఇప్పటికీ మాసి వీధులే. తిరుమంగళంలో, అమ్మవారి తాళి చేయించింది తమ ఊళ్ళోనేనని చెప్పుకుంటారు.

ఆ ఉత్సవాన్ని కాస్త దగ్గరగా చూడాలి. కొండ మీంచి బయల్దేరే అళగర్ పెరుమాళ్ళు కళ్ళర్ వేషం కడతాడు: తలకు కొప్పు, చెవులకు పోగులు, చేతిలో కర్ర. దారి కాచేవాళ్ళని ఊరు ఎవరిని చూసి జంకేదో వాళ్ళ రూపంలోనే దేవుడు ఊరేగింపుగా వస్తాడు. ఎదురుసేవ అందుకుని, శ్రీవిల్లిపుత్తూరు ఆండాళ్ మాల వేసుకుని, బంగారు గుర్రమెక్కి పౌర్ణమి తెల్లవారుజామున వైగైలో దిగుతాడు. పచ్చపట్టు కట్టుకుని దిగితే పంటలు పండుతాయని జనం నమ్మకం. భక్తులు తోలుతిత్తులతో నీళ్ళు చిమ్ముతారు. అప్పటికే చెల్లెలు మీనాక్షమ్మ పెళ్ళి అయిపోయిందని తెలిసి, అలిగి, ఊళ్ళోకి రాకుండానే వండియూరు వైపు తిరుగుతాడు. అక్కడ మజిలీ తుళుక్క నాచ్చియార్ దగ్గర, అంటే మన బీబీ నాంచారమ్మ వరస. నన్ను ఆపే సంగతి ఇదే. ఉత్సవాలు రెండూ కలిశాయి గాని ఊరేగింపులు రెండూ ఎదురుపడవు. ఎవరి గుడి, ఎవరి అర్చకులు, ఎవరి కథ వాళ్ళవే. ఎవరినీ తమది వదులుకోమనలేదు కాబట్టే, రాజ్యం పోయి మూడు శతాబ్దాలు కావస్తున్నా పండుగ నిలిచింది.

అయితే పండుగ ఒకటి, పాలన ఒకటి. మదురై తొలి నాయకుడైన విశ్వనాథనాయకుడి కాలంలో దళవాయి అరియనాథ మొదలియార్ కట్టిన 72 పాళెయాల ఏర్పాటు అలాగే సాగింది. పాళెగాడికి కోట తనది, సేన తనది, పన్నులో వాటా తనది. స్థానిక దొరలకు చోటిచ్చి రాజ్యంలో కలుపుకున్న తెలివైన ఏర్పాటని దాన్ని మెచ్చుకునేవారున్నారు. ఆ మాటలో నిజముంది. కాని చీలిక కూడా అలాగే స్థిరపడిపోయింది. అంతకన్నా బరువైన ఆరోపణ మరొకటి. మూడో శ్రీరంగరాయలు నాయకులను మళ్ళీ ఒక తాటి మీదికి తేబోతే, తిరుమలనాయకుడు గోలకొండను ఆయన మీదికి ఉసిగొల్పాడు. ఆఖరికి సెంజి బిజాపూరు చేతిలో పడింది, సుల్తాను సేనలు మదురై దాకా వచ్చి కప్పం వసూలు చేసుకుపోయాయి. తోపూరు గాయం జనంలో మానింది గాని దొరల్లో మానలేదు. ఎవరు ఎవరికి ఏం చేశారో ఆ లెక్క ఎవరూ కూర్చుని తేల్చుకోలేదు.

మదురై నాయకుల చుట్టాలు శ్రీలంకలోనూ పండుగతో కలుపుకునే ఈ దారే పట్టారు. 1739లో కండి గద్దె నాయక్కర్ల చేతికి వచ్చింది. ఆ వంశపు కీర్తిశ్రీ రాజసింహుడు 1753లో సయాం నుంచి భిక్షువులను రప్పించి బౌద్ధాన్ని నిలబెట్టాడు, పెరహెర ఊరేగింపులో బుద్ధుడి దంతధాతువును ముందు నడిపించాడు. అయినా 1760లో కొందరు సామంతులూ భిక్షువులూ ఆయన్ని పరాయివాడని చంపడానికి కుట్ర పన్నారు. అదే దీవిలో 2009లో పెద్ద అంతర్యుద్ధం ముగిసింది. 2016 స్వాతంత్ర్య దినాన జాతీయగీతాన్ని తమిళంలోనూ పాడారు, 2020లో మానేశారు. పాట వద్దని నేననను, అది ఆగినప్పుడు మనసు నొచ్చుకుంది కూడా. కాని ఉత్తరాన తప్పిపోయిన బిడ్డల ఫొటోలు పట్టుకుని కూర్చున్న తల్లులకు పాట ఒక్కటే జవాబు కాదు. పిల్లలేమయ్యారో ప్రభుత్వం చెప్పాలి.

ఇక మనవాళ్ళ సంగతి. మదురై కొలువులో విజయరంగ చొక్కనాథుడి కాలం దాకా తెలుగు వచనం వర్ధిల్లింది. ఆ తర్వాత తెలుగు మెల్లగా ఇంట్లోకి తగ్గింది. ఇంట్లో తెలుగు మాట్లాడే వంశంలో పుట్టిన పాళెగాడు కట్టబొమ్మన్‌ను 1799లో ఇంగ్లీషువాళ్ళు కయత్తారులో ఉరితీశారు. ఆయన తమిళుల వీరుడయ్యాడు, 1959లో శివాజీ గణేశన్ సినిమాతో ఇంటింటి మనిషయ్యాడు. అది నాకు నష్టంగా తోచదు, కలిసి బతికినవాళ్ళకు దక్కిన గౌరవంగా తోస్తుంది. నష్టం మరోచోట ఉంది. తమిళనాడు 2006 చట్టం బళ్ళలో తమిళాన్ని తప్పనిసరి చేసింది. ఇక్కడ పుట్టి పెరిగే పిల్లలు తమిళం బాగా నేర్చుకోవలసిందే, ఆ మాట న్యాయం. కాని అవ్వతో తెలుగులో గలగలా మాట్లాడే పిల్లకు తన పేరు తెలుగులో రాసుకోవడం రాని స్థితి తిరుమంగళం పల్లెల్లో ఉంది. దేవుడు కళ్ళర్ వేషంతో ఊరేగింపుగా రాగలిగిన చోట, వారానికి రెండు గంటలు తెలుగు అక్షరాలకు కేటాయిస్తే తమిళానికి తగ్గేదేమీ లేదు. అడగవలసింది చెన్నైని ఒక్కదాన్నే కాదు, ఇంట్లో పలకాబలపం పట్టించని మన పెద్దలను కూడా.