ఫరో కుమార్తె జీతం ఇచ్చింది ఎవరికి?



ఈ జూన్‌లో బడులు తెరిచిన వారంలోనే మాకు ఒక ఫోన్ వచ్చింది. పక్క జిల్లాలో పిల్లల హోమ్ నడిపే ఒక సేవకుడు. "అయ్యగారూ, మీ సంఘంలో తండ్రి లేని పిల్లలు ఇద్దరు ముగ్గురుంటే పంపండి, మాకు ఈసారి సంఖ్య తక్కువ పడింది" అన్నారు. ప్రార్థన చేసి చెప్తామని ఫోన్ పెట్టేశాం. నిజానికి మా జవాబు మాకు అప్పటికే తెలుసు. ఆరేళ్ల కింద ఇలాంటి ఫోనే మరో చోటు నుంచి వస్తే, మారు మాట అడగకుండా ఇద్దరు పిల్లలను పంపినవాళ్లం మేమే.

వాళ్ల నాన్న సుల్తానాబాద్‌లో ఒక రైస్ మిల్లులో హమాలీ. జ్వరం వచ్చి వారం తిరక్కముందే పోయాడు. తల్లి బీడీలు చేస్తుంది. ఇంట్లో ముసలి అత్త ఉంది. పిల్లల్లో పెద్దోడికి తొమ్మిదేళ్లు, చిన్నోడికి ఆరు. హోమ్‌లో ఇంగ్లీషు మీడియం చదువు, మూడు పూటలా అన్నం, వాక్యం అని మేమే ఆమెకు నచ్చజెప్పాం. కాగితం మీద వేలిముద్ర వేయించాం. అందులో ఏం రాసుందో ఆమె చదవలేదు, మేమూ చదవలేదు. ఆ ఆదివారం సంఘంలో దాన్ని సాక్ష్యంగా కూడా చెప్పుకున్నాం.

పది నెలల తర్వాత చూడబోయాం. ముప్పై మందికి పైగా మగపిల్లలు ఒకే హాల్లో నేల మీద పడుకుంటున్నారు, ఆరేళ్ల వాళ్లూ పదిహేడేళ్ల వాళ్లూ పక్కపక్కనే. మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదు. రాత్రి వాళ్లతో ఉండేది వాచ్‌మన్ ఒక్కడే. చిన్నోడి వేళ్ల సందుల్లో గజ్జి పుండ్లు. మమ్మల్ని చూసి ఏడవలేదు. పక్కకొచ్చి, "అయ్యగారు, అమ్మ దగ్గరికి తీసుకపోతవా?" అని మెల్లగా అడిగాడు. ఆ రోజే ఇద్దరినీ బస్సెక్కించుకొని వచ్చాం. దేవుని పనికి అడ్డుపడుతున్నామని ఆ నిర్వాహకుడు మాకు శాపనార్థాలు పెట్టాడు. గోడ మీద దాతల ఫోటోలు చాలా ఉన్నాయి గాని రిజిస్ట్రేషన్ కాగితం ఎక్కడా కనబడలేదు.

బాలల న్యాయ చట్టం 2015లో వచ్చింది, 2016 జనవరి 15 నుంచి అమలులో ఉంది. ప్రభుత్వ సొమ్ము తీసుకున్నా తీసుకోకపోయినా, సంరక్షణ అవసరమైన పిల్లలను ఉంచుకునే ప్రతి హోమ్ రిజిస్టర్ కావాలి. కాకపోతే నిర్వాహకుడికి ఏడాది దాకా జైలు, లేదా లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ. పిల్లవాణ్ణి హోమ్‌లో పెట్టాలా వద్దా అని తేల్చేది జిల్లాలోని బాలల సంక్షేమ కమిటీ. పాస్టరు గాని, సర్పంచు గాని, వేలిముద్ర వేసిన తల్లి గాని కాదు. హోమ్ అనేది చిట్టచివరి దారి కావాలని అదే చట్టం చెబుతుంది. మేము సెమినరీలో డిప్లొమా చేసినప్పుడు పరిచర్య గురించి ఎన్నో పాఠాలు విన్నాం, ఇవేవీ మాకెవరూ చెప్పలేదు. అడగనిది మా తప్పే.

కేంద్ర ప్రభుత్వం దేశంలోని హోమ్‌లన్నిటినీ లెక్కగట్టించి 2018లో నివేదిక బయటపెట్టింది. 9,589 సంస్థలు, వాటిలో 3 లక్షల 70 వేల పైచిలుకు పిల్లలు. తల్లీతండ్రీ ఇద్దరూ లేని పిల్లల కంటే ఒక్కరున్న పిల్లలే వాటిలో చాలా ఎక్కువ. అంటే మనం "అనాథాశ్రమం" అని బోర్డు పెట్టి, అమ్మ ఉన్న పిల్లలతో నింపుతున్నాం.

నిర్గమకాండము రెండో అధ్యాయం మనకు కంఠతా వచ్చు. కాని ఫరో కుమార్తె చేసిన పనిని మేము చాలా ఏళ్లు సరిగ్గా గమనించలేదు. రాజకుమారి తలచుకుంటే బిడ్డను ఆ రోజే నగరుకు తీసుకుపోగలదు. అలా చేయలేదు. పాలిచ్చి పెంచమని బిడ్డను ఒక హెబ్రీ స్త్రీ చేతికిచ్చి జీతం కట్టింది. ఆ స్త్రీ కన్నతల్లే. మోషే మొదటి ఏళ్లు తన ఇంట్లోనే, యోకెబెదు ఒడిలోనే గడిచాయి, ఖర్చు మాత్రం నగరుది. ఈ రోజు మిషన్ వాత్సల్యలో స్పాన్సర్‌షిప్ అంటున్నది సరిగ్గా ఇదే. భర్త పోయిన తల్లి దగ్గరో, బంధువుల ఇంట్లోనో పెరిగే బిడ్డకు నెలకు 4,000 రూపాయలు. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వెళ్తుంది. మీ ఊరి అంగన్‌వాడీ టీచరును అడిగినా దారి చెబుతుంది. మన సంఘాల్లో బీడీలు చేసే విధవరాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. వాళ్లలో ఎంతమందికి ఈ మాట చేరింది?

అందరికీ ఇల్లు ఉండదు, నిజమే. తాగి కొట్టే తండ్రులున్నారు. ఇటుక బట్టీల దగ్గర ఎవరి బిడ్డలో తెలియకుండా మిగిలిపోయే పిల్లలుంటారు. మంచి హోమ్‌లూ ఉన్నాయి, వాటిలో పెరిగి నేడు పరిచర్యలో ఉన్నవారు మాకు స్నేహితులు. కాని తనిఖీకి వస్తే చాలు "హింస మొదలైంది" అని వాట్సాప్‌లో ప్రార్థన మనవి పెట్టే అలవాటు మాత్రం మానాలి. విశ్వాసం కారణంగా వేధింపులు అసలు లేవని మేము అనం. అయితే గడియ లేని తలుపు మీద ప్రశ్న అడిగితే అది హింస కాదు. యాభై మంది పిల్లలకు వెయ్యి చదరపు అడుగుల గదులు రెండు ఉండాలని నియమాలున్నాయి. అంటే ఒక్కో బిడ్డకు దక్కేది నాలుగడుగుల వెడల్పు, పదడుగుల పొడవు. అది కూడా ఎక్కువైందా?

మనవాళ్లు ఎప్పుడూ జార్జ్ ముల్లర్ గారి పేరు చెబుతారు. 1836లో బ్రిస్టల్‌లో అద్దె ఇంట్లో మొదలుపెట్టి, ఎవరినీ చేయి చాపి అడగకుండా, ప్రార్థనతోనే వేలమంది పిల్లలను పోషించారని. అవును. ఆయన పైసా పైసాకు లెక్క రాసి ఏటేటా అచ్చు వేయించాడన్న సంగతి మాత్రం చెప్పరు. ఆయన స్థాపించిన సంస్థే గత శతాబ్దంలో ఆ పెద్ద పెద్ద భవనాలను వదిలేసి చిన్న ఇళ్లకు మారింది. అదీ చెప్పరు.

ఇంకొకటి, రాయడానికి కష్టమైనది. బాల సమూయేలు పెరిగిన షిలోహులో ఏలీ కొడుకులు స్త్రీల విషయంలో చేస్తున్న చెడుతనం ఊరంతటికీ తెలుసు. ఏలీ విన్నాడు, కొడుకులను పిలిచి మందలించాడు, అంతటితో ఊరుకున్నాడు. దేవుడు ఆ ఊరుకోవడాన్నే లెక్క అడిగాడు. ఇవాళ పోక్సో చట్టం కూడా అదే అడుగుతుంది. పిల్లల మీద లైంగిక దౌర్జన్యం జరిగిందని తెలిసి పోలీసులకు చెప్పకపోవడం నేరం. హోమ్ పెద్ద దాచితే శిక్ష ఇంకా ఎక్కువ. "పరిచర్యకు చెడ్డపేరు వస్తుంది, మనలో మనం సర్దుకుందాం" అనే పెద్దలు మన కమిటీల్లో ఉన్నారు. 1098కి ఫోన్ చేయడానికి పైసా ఖర్చు లేదు. పిల్లలు కూడా చేయవచ్చు. ఆ నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయని హోమ్‌కు మా సంఘం కానుక ఇక వెళ్లదు.

మొర్దెకై సంగతి కూడా చూడండి. ఎస్తేరు రాజగృహంలో ఉన్నా, ఆమె క్షేమం తెలుసుకోవడానికి ఆయన రోజూ ఆ అంతఃపురం ముంగిట తిరుగుతూ ఉండేవాడు. మేమేమో పది నెలలకు ఒకసారి వెళ్లాం.

ఆ ఇద్దరు పిల్లలు ఇప్పుడు సర్కారు బడిలో చదువుతున్నారు. స్పాన్సర్‌షిప్‌కు కాగితాలు పోగేయడానికి మాకు మూడు వారాలు పట్టింది. తండ్రి పేరు ఆధార్‌లో ఒకలా, మరణ ధ్రువపత్రంలో ఒకలా ఉంది. పెద్దోడు పదో తరగతి దాటాడు, ఐటీఐలో చేరతానంటున్నాడు. చిన్నోడు నాయనమ్మ పక్కన తప్ప ఎక్కడా పడుకోడు.

జూన్‌లో ఫోన్ చేసిన సేవకుడు పోయిన వారం మళ్లీ చేశారు. "సరే అన్నా, ముందు మీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, కమిటీ వాళ్లు చివరగా తనిఖీకి వచ్చిన తేదీ పంపండి" అన్నాం. "దానికేముంది, సాయంత్రానికి వాట్సాప్ చేస్తా" అన్నారు. ఇది రాసే సమయానికి ఇంకా రాలేదు.