పశువుల డాక్టరా? అని ముఖం చిట్లించే ముందు

ఎనిమిదో తరగతి "మై యాంబిషన్" వ్యాసాలు దిద్దుతుంటే ప్రతి సెక్షన్‌లోనూ ఒకరిద్దరు వెటర్నరీ డాక్టర్ అవుతామని రాస్తారు. వాళ్ల మనసులో ఉండేది కుక్కపిల్ల, పిల్లి. గేదె ఉండదు. ఇంటర్ బైపీసీకి వచ్చేసరికి ఆ ముచ్చటా పోయి, పశువైద్యం "ఎంబీబీఎస్ రాకపోతే చూద్దాం" జాబితాలో చేరుతుంది.

అలా చేరిన విద్యార్థులు ఐదున్నరేళ్లు చదివి పల్లెకు వెళ్లమంటే తప్పుపడతాం. నాకది న్యాయంగా అనిపించదు. అక్కడి పని ఎలాంటిదో చూడండి. అర్ధరాత్రి గేదె ఈనలేక అల్లాడుతుంటే, దూడ అడ్డం తిరిగి ఉంటే, భుజం దాకా చెయ్యి లోపల పెట్టి సరిచేయాలి. పశువును కదలకుండా నిలబెట్టే వసతి ఉండదు, పక్కన సహాయకుడూ ఉండకపోవచ్చు. ఒక్క తన్ను చాలు. పైగా ప్రభుత్వ పశువైద్యశాలలో వైద్యం ఉచితం, 1962కు ఫోన్ చేస్తే సంచార వాహనం వస్తుంది. రైతుకు అది మేలే. కానీ పల్లెలో సొంతంగా క్లినిక్ పెడితే ఫీజు ఎవరిస్తారు? అందుకే పల్లె అంటే సర్కారు నోటిఫికేషన్ కోసం ఎదురుచూపు. నగరంలో పెంపుడు కుక్కలకు టీకాలు వేస్తూ నెల గడిచిపోతుంది. ఆడపిల్లలకైతే రాత్రి ప్రయాణం, ఉండటానికి గది అనేవి అదనపు చిక్కులు. (పెళ్లి సంబంధాల్లో "మనుషుల డాక్టరా, పశువుల డాక్టరా?" అని ఆరా తీసేదీ మనమే!)

అయితే పల్లె పని తక్కువ పని అంటే మాత్రం ఒప్పుకోను. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలో మొదటిది, ఆంధ్రప్రదేశ్ రెండోది. పాడి మీద బతికే ఇంట్లో ఒక గేదె చనిపోతే పిల్లల ఫీజు ఆగిపోతుంది. రేబిస్, ఆంత్రాక్స్, బ్రూసెల్లోసిస్ లాంటివి పశువుల నుంచి మనుషులకు పాకేవి. వాటిని ముందుగా పసిగట్టగలిగేదీ ఆ ఊరి పశువైద్యులే. మన పిల్లలు పొద్దున తాగే పాలు ఏ ప్యాకెట్‌వో చెప్పగలరు. ఆ గేదెకు పొదుగువాపు వస్తే ఎవరు చూస్తారో చెప్పలేరు.

క్వార్టర్స్, వాహనం, సహాయకులు, గౌరవంగా బతికే ఇంటర్న్‌షిప్ స్టైపెండ్, ఇవన్నీ ప్రభుత్వం చూడాలి. మన చేతిలో ఉన్నది చిన్న పని. ఈసారి ఫీల్డ్ ట్రిప్‌కు వాటర్ పార్క్ బదులు మండల కేంద్రంలోని పశువైద్యశాలకు, అక్కడి నుంచి పాల సేకరణ కేంద్రానికి పిల్లల్ని తీసుకెళ్దామని నా ప్రతిపాదన. బురద ఉంటుంది, వాసనా ఉంటుంది. పాత బూట్లు వేసి పంపండి.