మానని పడిశం

పడిశానికి మందు వేసుకుంటే వారం రోజుల్లో, వేసుకోకపోతే ఏడు రోజుల్లో తగ్గుతుందని మనవాళ్ళు హాస్యమాడుతుంటారు. మరి నెలల తరబడి తగ్గకపోతే?

చాలామందిలో అందుకు కారణం ఎలర్జీయో, సైనసు బాధో, ముక్కు దూలం వంకరో అయివుంటుంది. అరుదుగా కొందరిలో రైనోస్క్లిరోమా అనే జబ్బు కావచ్చు. 1870లో వియన్నాలో డాక్టర్ హెబ్రా దీన్ని వర్ణించారు. 1882లో ఫాన్ ఫ్రిష్ దీనికి కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నారు. ఈజిప్టు, మధ్య అమెరికా, తూర్పు ఐరోపాలలోనే కాక మన దేశంలోనూ ఈ జబ్బు ఉంది.

మొదట ఇది మామూలు పడిశంలాగే ఉంటుంది. ముక్కులో చెక్కులు కడతాయి, దుర్వాసన వస్తుంది, ఒక్కొక్కప్పుడు రక్తం పడుతుంది. తర్వాత నొప్పిలేని గట్టి కంతులు లేచి ముక్కు వెడల్పవుతుంది. చివరకు మచ్చకట్టి గాలి దారి ఇరుకవుతుంది. జబ్బు గొంతులోకి దిగితే గొంతు బొంగురుపోతుంది. గాలి పీల్చేటప్పుడు ఈలలాంటి చప్పుడు, ఆయాసం ఉంటే మర్నాటి దాకా ఆగకండి. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళండి.

పైకి చూస్తే ఇది క్షయలాగానో, కేన్సరులాగానో కనిపించవచ్చు. అందుకే చిన్న ముక్క తీసి బయాప్సీ పరీక్ష చేస్తారు. ముక్క తీస్తే జబ్బు పాకుతుందన్న భయం వద్దు.

ఈ జబ్బు మళ్ళీ మళ్ళీ ఎందుకు వస్తుంది? సూక్ష్మజీవిని మింగిన మన రక్షక కణాలు దాన్ని పూర్తిగా చంపలేవు. అది వాటిలోనే దాక్కుంటుంది. పూర్వం స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ ఎక్కువగా వాడేవారు. ఇప్పుడు సిప్రోఫ్లాక్సాసిన్ వంటివి ఇస్తున్నారు. ఏదైనా వారాలు, నెలలు వాడాలి. ముక్కు తెరుచుకుంది కదా అని మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. ఆపరేషను దారిని తెరుస్తుందే కాని సూక్ష్మజీవిని చంపదు. కనుక మందు తప్పదు. నయమయ్యాక కూడా డాక్టరు చెప్పిన గడువుల్లో ముక్కు, గొంతు చూపించుకోవాలి.

మందులు సొంతంగా కొనకండి. టెట్రాసైక్లిన్ గర్భిణులకు, చిన్నపిల్లలకు పనికిరాదు. ముక్కు దిబ్బడ తగ్గించే చుక్కలు కూడా రోజుల తరబడి వాడితే దిబ్బడ పెరుగుతుంది.

రోగిని వెలివేసినట్లు చూడకండి. ఇది ఒక్క తుమ్ముతో అంటుకునే జబ్బు కాదు. ఎక్కువకాలం దగ్గరగా మెలిగినవారికే వచ్చే అవకాశం ఉంది. ఇంట్లో మరెవరికైనా ఇలాంటి బాధ ఉంటే వారినీ చూపించండి.

నెల దాటిన పడిశాన్ని పడిశమనుకోవద్దు. ముక్కు, చెవి, గొంతు డాక్టరును కలవండి.