రంగును తొలగించే ముందు

మన కళాశాల వార్షికోత్సవ ప్రదర్శనలో ఛాయాచిత్రాలకు ప్రత్యేక స్థానం లభించడం హర్షదాయకం. ఎదుటివారిని నిలబెట్టి, నవ్వమని చెప్పి తీసే చిత్రాల కంటె, వారు తమ పనిలో నిమగ్నులై ఉండగా అప్పటికప్పుడు తీసిన చిత్రాలపైనే నేటి విద్యార్థులకు మక్కువ ఎక్కువ. అట్టి చిత్రాలను పిమ్మట నలుపు తెలుపులలోకి మార్చడం కూడా పరిపాటి అయింది. ఈ అభిరుచిని మేము అభినందిస్తున్నాము. అయితే ఆ మార్పు వెనుక ఆలోచన ఉండాలన్నదే మా మనవి.

హైదరాబాదు నగరానికి ఈ కళ కొత్తది కాదు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్ దయాళ్ (1844–1905) ‘ముసవ్విర్ జంగ్’ బిరుదాంకితుడు. ఆనాటి బరువైన కెమెరాల ముందు మనుషులు కదలక నిలువవలసి వచ్చేది. 1925లో లైకా వంటి చిన్న కెమెరా విపణిలోకి వచ్చిన తరువాత ఛాయాచిత్రకారుడు జనంలో కలిసి నడవగలిగాడు. ఫ్రాన్సు దేశీయుడైన హెన్రీ కార్టియే బ్రెసాన్, మన దేశపు తొలి మహిళా పత్రికా ఛాయాచిత్రకారిణి హోమై వ్యారావాలా (1913–2012) నలుపు తెలుపులలోనే చిరస్మరణీయమైన చిత్రాలు తీశారు. అప్పట్లో పత్రికలు అధికభాగం ఆ రెండు వర్ణాలలోనే అచ్చయ్యేవి. నేడు మనకు ఆ నిర్బంధం లేదు. మన చేతిలోని సెల్‌ఫోను మొదట రంగులనే గ్రహిస్తుంది. కనుక రంగును తీసివేయడం మన నిర్ణయం. దానికి బాధ్యులమూ మనమే.

ఈ సత్యం మాకు ఆలస్యంగా బోధపడింది. ఒకనాడు లాడ్ బజారులో లక్క గాజులు చేస్తున్న ఒక వృద్ధుని చిత్రాన్ని ఆయనకు తెలియకుండా తీశాము. నలుపు తెలుపులలోకి మార్చి, ముఖంలోని ముడుతలు మరింత లోతుగా కనిపించేటట్లు చేసి, ‘పేదరికం’ అని పేరు పెట్టి ప్రదర్శించాము. పలువురు మెచ్చుకున్నారు. ఆయన మనుమడు మా కళాశాల విద్యార్థియే. అతడు చాలాసేపు ఆ చిత్రాన్ని చూసి, “భాయ్, మా దాదా దుఃఖంలో లేరు. లక్క రంగు సరిగా కలిసిందో లేదో చూస్తున్నారు. ఆ రంగే మీ బొమ్మలో లేదు” అన్నాడు. మా వద్ద సమాధానం లేకపోయింది.

ఈ మార్పులో ఏమి జరుగుతుందో తెలుసుకోవాలి. ప్రసిద్ధమైన ఒక గణన పద్ధతిలో ప్రకాశానికి ఆకుపచ్చ నుండి 59 పాళ్ళు, ఎరుపు నుండి 30, నీలం నుండి 11 పాళ్ళు తీసుకుంటారు. అందువల్ల కంటికి ఎంతో భిన్నంగా తోచే ఎర్ర గాజు, పచ్చ గాజు ఒకే బూడిద వర్ణంలో కలిసిపోవచ్చు. ఒక్కొక్క రంగు పాలును వేరుగా సవరించి ఆ భేదాన్ని కొంతవరకు నిలపవచ్చు. కాని రంగే ప్రాణమైన దృశ్యానికి ఆ సవరణ చాలదు.

మరి నలుపు తెలుపులు ఎక్కడ శోభిస్తాయి? వెలుగునీడలు, ఆకృతి, చూపు ప్రధానమైన చోట. కిటికీ వెలుగులో పుస్తకంపై వంగిన ముఖం, వర్షంలో పరుగెత్తే బాలుని నీడ, గురువుగారి సుద్దముక్క పట్టిన చేయి — ఇట్టి వాటిలో రంగు తొలగితే భావం మరింత స్పష్టమవుతుంది.

కావున కళాశాల కమిటీ వారికి మా విన్నపం: రాబోయే ప్రదర్శనలో ప్రతి విద్యార్థి తన రంగు మూలచిత్రాన్ని కూడా సమర్పించాలి. చిత్రంలోని వ్యక్తికి ముందుగా దానిని చూపి, అనుమతి పొందాలి. చెప్పి తీస్తే సహజత్వం పోతుందని మిత్రులు వాదించవచ్చు. తీసిన పిమ్మట అడిగినా సహజత్వానికి లోటు రాదు. ఆ వృద్ధుని వద్దకు మేము మరల వెళ్ళాము. రంగుల చిత్రం చూసి ఆయన చిరునవ్వు నవ్వారు. ఈ సంవత్సరం ప్రదర్శనకు ఆ చిత్రాన్నే, ఆయన అనుమతితో, సమర్పిస్తున్నాము.