ముక్కుబిళ్ళలు, పచ్చబొట్లు, హైమన్‌డార్ఫ్

వాట్సాప్‌లో తిరిగే ఆ ఫోటో మీరూ చూసే ఉంటారు. ఒక ముసలావిడ. నుదుటి నుంచి ముక్కు కొస దాకా ఒక గీత, గడ్డం మీద ఇంకో అయిదు. ముక్కుకి రెండు పక్కలా నల్లటి చెక్కబిళ్ళలు. కింద ఒక కథ: వీళ్ళు చాలా అందగత్తెలట, పక్క తెగలవాళ్ళు ఎత్తుకుపోతున్నారని కావాలనే మొహాలు పాడుచేసుకున్నారట.

వాళ్ళు అరుణాచల్‌ప్రదేశ్‌లో జీరో లోయలో ఉండే అపతానీలు. ఆ కథ వాళ్ళలోనూ కొందరు చెబుతారు కాబట్టి అబద్ధమని కొట్టిపారెయ్యను. నాకు మాత్రం సగమే అతుకుతుంది. మగవాళ్ళు కూడా గడ్డం మీద పొడిపించుకునేవారు మరి, వాళ్ళనెవరు ఎత్తుకుపోతారని? ముళ్ళతో గుచ్చి, మసి పట్టించి, అంత నొప్పి తరతరాలుగా ఓర్చుకున్నది వికారంగా కనపడటానికేనంటే నమ్మబుద్ధి కాదు. పాడుచేసుకున్నారన్న మాట చూసేవాడిది. పెట్టుకున్నావిడ అద్దంలో ఏం చూసుకుందో మనకి తెలియదు.

మా నాయనమ్మ ముంజేతి మీద పచ్చబొట్టు ఉండేది. చిన్నప్పుడు ఊళ్ళోకి వచ్చిన ఎరుకలామె పాట పాడుతూ పొడిచిందట. "నగలన్నీ ఇక్కడే వదిలిపోవాల్రా, నాతో వచ్చేది ఇదొక్కటే" అనేది. గోండు ఆడవాళ్ళలోనూ ఇదే నమ్మకం ఉందని తర్వాతెప్పుడో చదివి ఆశ్చర్యపోయాను. దొంగ ఎత్తుకుపోలేని, అప్పులవాడు జప్తు చెయ్యలేని ఆస్తి. ఇక్కడ ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఆఫీసులో భుజం నుంచి మణికట్టు దాకా టాటూలున్న కొలీగ్ ఉన్నాడు. అతన్ని ఎవరూ ఏ తెగ అని అడగరు.

1944లో ఆ లోయకి వెళ్ళి అపతానీల గురించి రాసినాయన మనకి కొత్తవాడు కాదు. క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్. వియన్నాలో 1909లో పుట్టాడు. 1939లో యుద్ధం వచ్చేసరికి ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు, అంటే శత్రుదేశస్థుడు. నిజాం రాజ్యం దాటొద్దన్నారు. ఇంత పెద్ద జైలు ఎవరికి దొరుకుతుంది చెప్పండి! చెంచుల దగ్గరికి, కొండరెడ్ల దగ్గరికి, చివరికి ఆదిలాబాద్ గోండుల దగ్గరికి వెళ్ళాడు. కొమురం భీమ్‌ని చంపేసి అప్పటికి ఎంతో కాలం కాలేదు. మార్లవాయిలో కాపురం పెట్టాడు, 1943లో అక్కడే గోండీ బడి మొదలైంది.

అపతానీల బిళ్ళలూ గోండుల పూజలూ శ్రద్ధగానే రాసుకున్నాడు. కానీ 1982లో వచ్చిన 'ట్రైబ్స్ ఆఫ్ ఇండియా' చదివితే ఆయన్ని నిద్రపోనివ్వనిది భూమి అని తెలుస్తుంది. తను దగ్గరుండి పట్టాలిప్పించిన గోండుల భూములు, మూడు దశాబ్దాల తర్వాత వచ్చి చూస్తే, ఎన్నో బయటివాళ్ళ చేతుల్లో ఉన్నాయి. చట్టం ఉంది, కాగితం ఉంది, పొలం లేదు. అదే అపతానీల దగ్గర బయటివాడు భూమి కొనలేడు, వాళ్ళ వరిమళ్ళు వాళ్ళకే ఉన్నాయి. మొహం మీద అన్ని గీతలున్నవాళ్ళు మునిగిపోలేదు. మునిగింది, చూడటానికి మనలాగే ఉన్న ఆదిలాబాద్ గోండు.

1970ల్లో అపతానీ కుర్రాళ్ళే ఆ గీతలూ బిళ్ళలూ ఆపించేశారు. చదువులకీ ఉద్యోగాలకీ కిందికి దిగినప్పుడు జనం చూసే చూపు భరించలేక. ఇప్పుడు ఆ ముసలావిడల ఫోటోల కోసం టూరిస్టులు కెమెరాలు పట్టుకుని జీరోకి వెళ్తున్నారు.

హైమన్‌డార్ఫ్ భార్య బెట్టీ 1987లో పోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆయన 1995లో లండన్‌లో పోయాడు. చాలా ఏళ్ళకి ఆయన అస్థికలూ అక్కడికే చేరాయి. ఆ పుస్తకం కాలిఫోర్నియా యూనివర్సిటీ ప్రెస్ వాళ్ళది, ఆన్‌లైన్లో చదువుకోవచ్చు. ఫోటోల దగ్గర ఆగకుండా ముందు భూముల అధ్యాయం తియ్యండి.