ఇంధన, పర్యావరణ శాఖల మంత్రి బాధ్యతపై తీర్మానం

ఆంధ్రప్రదేశ్‌లోని థర్మల్ విద్యుత్ కేంద్రాల పరిసర గ్రామాల రైతులు, మత్స్యకారులు, కాంట్రాక్టు కార్మికుల ఉమ్మడి సభ ఈ కింది తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది.

థర్మల్ ప్రాజెక్టులకు వ్యతిరేకంగా, బీల అనే చిత్తడి భూముల కోసం 2010 జూలై 14న సోంపేటలోనూ, తంపర అనే చిత్తడి భూముల కోసం 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలోనూ జరిగిన పోలీసు కాల్పుల్లో ప్రాణాలు కోల్పోయినవారికి సభ నివాళి అర్పిస్తున్నది. సోంపేట ప్రాజెక్టు పర్యావరణ అనుమతి కాల్పులు జరిగాకే రద్దయిందని గుర్తు చేస్తున్నది. ఫైలు మీద ముందే పడవలసిన సంతకం రక్తం చిందాక పడిన సందర్భం మళ్లీ రాకూడదన్నదే ఈ తీర్మానం ఉద్దేశం.

సభ గుర్తించిన అంశాలు

1. రాజ్యాంగం 166(3) అధికరణం కింద రూపొందిన కార్యనిర్వహణ నియమాలను అనుసరించే మంత్రులకు శాఖలు కేటాయిస్తారని, ఏ శాఖ ఎవరికివ్వాలన్నది ముఖ్యమంత్రి నిర్ణయమని సభ గుర్తిస్తున్నది. ఈ తీర్మానం ఏ వ్యక్తినీ ఉద్దేశించినది కాదు. పదవి నిర్వహణకు సంబంధించినది మాత్రమే.

2. రాష్ట్రంలో 2019 జూన్ నుంచి 2024 జూన్ దాకా ఇంధన, పర్యావరణ శాఖలు ఒకే మంత్రి వద్ద ఉన్నాయని సభ గమనిస్తున్నది. 2022 ఏప్రిల్ వరకు శ్రీ బాలినేని శ్రీనివాసరెడ్డి, ఆ తర్వాత గనుల శాఖతో కలిపి శ్రీ పెద్దిరెడ్డి రామచంద్రారెడ్డి వీటిని నిర్వహించారు. 2024 జూన్‌లో ఏర్పడిన ప్రభుత్వంలో ఇంధన శాఖ శ్రీ గొట్టిపాటి రవికుమార్‌కు, పర్యావరణ, అటవీ శాఖలు ఉపముఖ్యమంత్రి శ్రీ పవన్ కల్యాణ్‌కు అప్పగించారు.

3. ఇబ్రహీంపట్నంలోని డాక్టర్ నార్ల తాతారావు కేంద్రం, యర్రగుంట్ల వద్ద రాయలసీమ కేంద్రం, నేలటూరులోని దామోదరం సంజీవయ్య కేంద్రం ప్రభుత్వ రంగంలోనివేనని సభ గుర్తిస్తున్నది. కరెంటు తయారుచేసే జెన్కో ప్రభుత్వానిది, కొనే డిస్కంలు ప్రభుత్వానివి, పొగకూ బూడిదకూ హద్దు గీసే కాలుష్య నియంత్రణ మండలి ప్రభుత్వం నియమించేది. అమ్మేవారు, కొనేవారు, తూకం చూసేవారు ఒకే ఇంటివారైనప్పుడు ఆ తూకం నలుగురి ఎదుట జరగాలి.

4. నీటి కాలుష్య నివారణ చట్టం (1974), వాయు కాలుష్య నివారణ చట్టం (1981) రెండింటిలోనూ 18వ సెక్షన్ కింద ప్రభుత్వం ఇచ్చే లిఖితపూర్వక ఆదేశాలకు కాలుష్య మండలి కట్టుబడి ఉండాలని సభ గుర్తిస్తున్నది. విద్యుత్ చట్టం (2003) 108వ సెక్షన్ కింద ప్రజాప్రయోజనంతో ముడిపడిన విధాన విషయాల్లో విద్యుత్ నియంత్రణ మండలికి (ఈఆర్‌సీ) కూడా ప్రభుత్వం లిఖితపూర్వక ఆదేశాలు ఇవ్వవచ్చు. రెండు శాఖలూ ఒకరికే ఇస్తే ఈ రెండు కలాలూ ఒకే జేబులో ఉంటాయి.

5. ఈఆర్‌సీ సభ్యుల ఎంపిక సంఘానికి హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసినవారు అధ్యక్షత వహించాలని విద్యుత్ చట్టం 85వ సెక్షన్ చెబుతున్నదని సభ గమనిస్తున్నది. కరెంటు ధర నిర్ణయించేవారి ఎంపికకు ఉన్నపాటి కట్టుదిట్టం కాలుష్య మండలి అధ్యక్షుడి ఎంపికకు లేదు. కాలుష్య మండళ్లలో నియామకాలకు మార్గదర్శకాలు రూపొందించుకోవాలని 2017లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది.

సభ విచారం వ్యక్తం చేస్తున్న అంశాలు

6. థర్మల్ కేంద్రాల ఉద్గారాలకు 2015 డిసెంబరు 7న కేంద్రం పరిమితులు ప్రకటించి, గడువులు పదేపదే పొడిగించి, చివరకు 2025 జూలైలో ఎక్కువ కేంద్రాలకు గంధక వాయువుల పరిమితి నుంచి మినహాయింపు ఇవ్వడంపై సభ విచారం వ్యక్తం చేస్తున్నది. అయినా 1986 పర్యావరణ పరిరక్షణ నియమాలు రాష్ట్ర మండలికి మరింత కఠినమైన ప్రమాణాలు నిర్దేశించే వీలు కల్పించాయి. ఢిల్లీ వదిలేసిందన్న మాట విజయవాడకు సాకు కాదు.

7. 2021 డిసెంబరు 31 నాటి ఫ్లైయాష్ ప్రకటన బూడిదను నూరు శాతం వినియోగించాలని, వినియోగించని బూడిదకు టన్నుకు 1,000 రూపాయల చొప్పున పర్యావరణ పరిహారం కట్టాలని చెబుతున్నా, తమ ఊరి పక్కన ప్లాంటు బూడిద చెరువులో ఎంత బూడిద ఉన్నదో గ్రామసభలకు లెక్క తెలియకపోవడంపై సభ విచారం వ్యక్తం చేస్తున్నది.

8. ప్రతినిధులు సభ ముందుంచిన స్థితిని సభ నమోదు చేస్తున్నది. గాలి ఇటు తిరిగిన రోజున కళ్లంలో ఆరబోసిన మిరపకాయలను దులపనిదే బస్తాకెత్తలేకపోతున్నారు. దండెం మీది బట్టలను రెండోసారి జాడిస్తున్నారు. పట్టా కప్పని టిప్పర్లు వెళ్లిన దారిలో బడిపిల్లలు ముఖానికి చున్నీలు, తువ్వాళ్లు అడ్డం పెట్టుకుని నడుస్తున్నారు. ఫిర్యాదు చేస్తే ప్లాంటువారు కాంట్రాక్టరును, కాంట్రాక్టరు రవాణా శాఖను చూపుతున్నారు. శాఖలు కలిసి ఉన్నప్పుడూ, విడిపోయినప్పుడూ ఆ ఫిర్యాదు కాగితం తిరిగిన దారి మారలేదు.

సభ వైఖరి

9. కరెంటు వద్దని ఈ సభ అనడం లేదు. సభ్యుల్లో బోర్ల కింద సేద్యం చేసేవారు, ఉచిత విద్యుత్ మీద ఆధారపడినవారు, ఆ ప్లాంట్లలోనే కూలి చేసుకునేవారు ఉన్నారు. మోటారు తిరగాలి, పైరు మీద బూడిద పడకూడదు. ఈ రెండూ ఒకే రైతు కోరికలని సభ స్పష్టం చేస్తున్నది.

10. రెండు శాఖలను కలపడం వల్ల గాని, విడదీయడం వల్ల గాని సమస్య తీరదని సభ భావిస్తున్నది. కలిపితే ఉత్పత్తి లక్ష్యం కింద పర్యావరణం నలిగే ప్రమాదం, విడదీస్తే బాధ్యత ఇద్దరి మధ్య జారిపోయే ప్రమాదం ఉన్నాయి. మంత్రి ఎవరైనా, ఏం రాసి ఆదేశించారన్నది ప్రజలకు కనిపించడమే ఈ రెండింటికీ విరుగుడు.

సభ నిర్ణయాలు

11. కాలుష్య మండలికి, ఈఆర్‌సీకి ప్రభుత్వం ఇచ్చే ప్రతి లిఖితపూర్వక ఆదేశాన్ని ఏడు రోజుల్లో ప్రకటించి, తదుపరి సమావేశాల్లో శాసనసభ ముందుంచాలని కోరుతూ సభ తీర్మానిస్తున్నది. ఫోన్‌లో చెప్పిన మాటకు మండలి కట్టుబడవలసిన అవసరం లేదని అధికారులకు సర్క్యులర్ ఇవ్వాలి.

12. రెండు శాఖలూ ఒకరి వద్దే ఉన్న కాలంలో, ప్రభుత్వ రంగ విద్యుత్ కేంద్రాల కాలుష్యానికి సంబంధించి ప్రభుత్వ స్థాయికి వచ్చే ఫైళ్లను ఆ మంత్రి కాక మంత్రిమండలి పరిశీలించాలని సభ తీర్మానిస్తున్నది. ప్లాంటు స్థాపన అనుమతి (సీఎఫ్‌ఈ), నిర్వహణ అనుమతి (సీఎఫ్‌ఓ) నిర్ణయాలు పూర్తిగా కాలుష్య మండలికే వదిలిపెట్టాలి.

13. శాఖలు ఇద్దరి వద్ద ఉన్న కాలంలో మూడు నెలలకొకసారి ఉమ్మడి సమీక్ష జరిపి మినిట్స్ ప్రకటించాలని, ఫిర్యాదు ఏ శాఖకు చేరినా అక్కడే రసీదు ఇచ్చి, రెండో శాఖకు పంపే పని ప్రభుత్వమే చేయాలని సభ తీర్మానిస్తున్నది.

14. కాలుష్య మండలి అధ్యక్షుడు, సభ్య కార్యదర్శి ఎంపికకు ఈఆర్‌సీ తరహాలో ఎంపిక సంఘం ఏర్పాటు చేయాలని సభ తీర్మానిస్తున్నది.

15. ప్రతి కేంద్రం ఏటా ఉత్పత్తయిన బూడిద, వినియోగించిన బూడిద, చెరువులో మిగిలిన బూడిద, కట్టిన పరిహారం లెక్కలను పరిసర గ్రామసభల్లో తెలుగులో చదివి వినిపించాలని సభ తీర్మానిస్తున్నది.

16. థర్మల్ స్థానంలో వచ్చే సౌర, పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టులూ నేల మీద, నీటి మీద ఆధారపడినవేనని సభ గుర్తు చేస్తున్నది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 1996 పెసా (పంచాయతీల విస్తరణ) చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభలకు కల్పించిన హక్కులను తప్పక పాటించాలని తీర్మానిస్తున్నది.

17. పాత యూనిట్ల మూసివేతపై ఏ నిర్ణయం తీసుకున్నా, కాంట్రాక్టు కార్మికుల ప్రత్యామ్నాయ ఉపాధిని అదే ఉత్తర్వులో చేర్చాలని సభ తీర్మానిస్తున్నది.

18. ఈ తీర్మానం ప్రతులను ముఖ్యమంత్రికి, సంబంధిత మంత్రులకు, ప్రధాన కార్యదర్శికి, కాలుష్య మండలికి, ఈఆర్‌సీకి, శాసనసభ కార్యదర్శికి పంపాలని సభ నిర్ణయించింది. పంపిన ప్రతుల రసీదులను, వచ్చిన జవాబులను ప్రతినిధులు తమ గ్రామసభల్లో చదివి వినిపిస్తారు. జవాబు రాకపోతే ఆ మాట కూడా గ్రామసభ పుస్తకంలో రాయిస్తారు.

ప్రతిపాదన: అధ్యక్షవర్గం. హాజరైన సభ్యులందరూ చేతులెత్తి ఆమోదించారు. వ్యతిరేకించినవారు లేరు.